వేపమొక్కలకు ఎక్కించిన సెలైన్

మా నర్సింగ్ స్కూల్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు మొదట కాదనాలనుకున్నాను. కాదనడానికి ఇంకా ఎక్కువ మాట్లాడాలి కాబట్టి సరేనన్నాను. చదువు ముగించి ఉద్యోగాల్లోకి వెళ్తున్న పిల్లల కోసం చిన్న పుస్తకం వేస్తున్నారట. పాత విద్యార్థులు తలా ఒక అనుభవం రాయాలట. "రిటైరైన మేడంలే ఎక్కువ రాస్తున్నరమ్మా. నువ్వు గా తోట సంగతి రాయి. పేపర్ల వచ్చింది గదా," అన్నారు మా ట్యూటర్.

నాకు ఉద్యోగంలో ఐదేళ్లు కూడా నిండలేదు. ముప్పై ఏళ్లు పనిచేసి దిగిన వాళ్ల పక్కన కూర్చుని జ్ఞాపకాలు చెప్పడం నాకు బిడియంగానే ఉంది. కానీ ఆ తోట ఉన్నన్నాళ్లు నేను రోజూ డైరీ రాశాను. అది ముందు పెట్టుకుని రాస్తున్నాను. పేపర్లో వచ్చింది ఆ కథలో సగం. మిగతా సగం చదివాక మీకేమైనా తేలితే నాకు చెప్పండి. నాకైతే ఇప్పటికీ తేలలేదు.

నా మొదటి పోస్టింగ్ పెద్దపల్లి అవతల, బొగ్గు గనుల వైపు, ముప్పై మంచాల ప్రభుత్వ ఆసుపత్రి. మార్చి దాటితే ఆ ఊళ్లో గోడలు కూడా వేడి కక్కుతాయి. ఆసుపత్రి ప్రహరీ పొడుగునా మా సూపరింటెండెంట్ సార్ ఇరవై రెండు వేపమొక్కలు నాటించారు. వానాకాలంలో ఫొటోలు దిగుతూ నాటినవి. వేసవి వచ్చేసరికి బోరు అడుగంటింది. వార్డులకే ట్యాంకరు నీళ్లు తెప్పించుకుంటున్న రోజుల్లో మొక్కల సంగతి ఎవరికీ పట్టలేదు.

నేను చేరిన నెలకే చెత్త రిజిస్టర్లు నాకు అప్పగించారు. అది గొప్ప నమ్మకమేమీ కాదు. మా హెడ్ నర్సు మేడం అందరి ముందే కారణం చెప్పారు. "దస్తూరి ముత్యాల లెక్క ఉన్నది. నోరు లేదు. గీ పిల్లకియ్యుండ్రి, పంచాయితీ ఉండది."

ఆసుపత్రి చెత్తకు రంగులుంటాయని మీకు తెలుసు. రక్తం అంటిన దూదీ గుడ్డా పసుపు సంచిలోకి, సెలైన్ సీసాలూ గొట్టాలూ ఎర్ర సంచిలోకి, సూదులు తెల్ల డబ్బాలోకి. రోజు విడిచి రోజు ఒక బండి వచ్చి అవన్నీ తీసుకుపోతుంది. ఏ రంగు సంచి ఎన్ని పోయాయో ఒక రిజిస్టరులో రాయాలి. పనిచేసే వాళ్లకు ఎవరికైనా సూది గుచ్చుకుంటే రాసేది ఇంకొక రిజిస్టరు. అది నా చేతికొచ్చినప్పుడు మొదటి పేజీ కూడా ఖాళీగా ఉంది. ఆ ఖాళీని చూసి మా ఆసుపత్రి ఎంత జాగ్రత్తగా నడుస్తోందో అనుకున్నాను.

మా ఇల్లు హుస్నాబాద్ దగ్గర. మా అవ్వ, అంటే అమ్మ, ఏ వస్తువునూ పారెయ్యదు. యూరియా సంచులు విప్పి కుట్టి పట్టాలు చేస్తుంది. నూనె ప్యాకెట్లు కడిగి ఆరేసి వాటిలో విత్తనాలు దాస్తుంది. ఆ ఇంట్లో పెరిగిన నాకు రోజూ నలభై యాభై సెలైన్ సీసాలు, గీత కూడా పడనివి, ఎర్ర సంచిలో పడుతుంటే ప్రాణం ఒప్పేది కాదు. ఒకవైపు సీసాలు, ఒకవైపు కిటికీలోంచి ఎండుతున్న మొక్కలు. ఒకరోజు ఒక సీసా అడుగు కత్తెరతో కోసి, మొక్క పక్కన కర్రకు తలకిందులుగా కట్టాను. వార్డులో మిగిలిన నీళ్లు పోసి, గొట్టానికి ఉండే చిన్న చక్రం తిప్పి చుక్కలు సరిచేశాను. నిమిషానికి పది చుక్కలు. మనిషికి సరిచేసినట్టే.

వెనకనుంచి మా ఆయమ్మ చూస్తోంది.

"మొక్కకు గుడ గ్లూకోజు ఎక్కిస్తున్నవా సిస్టరమ్మా?"

నేను సిగ్గుపడి చేతులు తుడుచుకున్నాను. ఆమె దగ్గరికొచ్చి ఆకు పట్టుకుని, నాడి చూసినట్టు చూసింది. "బతుకుతది. జర లేటైంది గని బతుకుతది."

ఆయమ్మకు యాభై దాటాయి. భర్త గనిలో పనిచేసి రిటైరైన మనిషి. దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, నాలుగడుగులు వేస్తే దగ్గు ఆగేది కాదట. ఈమె కాంట్రాక్టరు కింద మా దగ్గర పదేళ్లుగా చేస్తోంది. మా నాయనమ్మ కూడా ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయాగానే బతుకు వెళ్లదీసింది. అందుకే ఆయమ్మకు పని చెప్పాలంటే నాకు నోరు వచ్చేది కాదు. చెప్పాల్సిన అవసరం కూడా ఆమె రానిచ్చేది కాదు. మర్నాటికల్లా ఆరు సీసాలు పోగుచేసింది. వారం తిరిగేసరికి ఇరవై రెండు మొక్కలకూ సెలైన్ ఎక్కుతోంది.

మొక్కలకు మంచాల నంబర్లు పెట్టింది కూడా ఆమే. పొద్దున్నే డ్యూటీకి రాగానే నాకు రిపోర్టు ఇచ్చేది. "మూడో నెంబరు మంచిగున్నది. ఏడుకు మేక తగిలింది, పట్టీ కట్టిన. పదకొండు మాత్రం డల్లుగున్నది సిస్టరమ్మా, డాక్టరును పిలువు." పేషెంట్ల వెంట వచ్చినవాళ్లు నిలబడి చూసేవాళ్లు. "గీ చెట్టుకేం రోగం?" అని అడిగితే, "ఎండదెబ్బ. అడ్మిట్ చేసినం," అనేది నవ్వకుండా. నేను అంత నవ్విన రోజులు నా ఉద్యోగంలో మళ్లీ రాలేదు.

సార్ చూశారు. ఫొటో తీశారు. పై ఆఫీసర్ల గ్రూపులో పెట్టారు. నాలుగు రోజులకు పేపర్లో వచ్చింది, 'వ్యర్థంతో పచ్చదనం, సూపరింటెండెంట్ వినూత్న ఆలోచన' అని. నా పేరు లేనందుకు నాకు నిజంగానే హాయిగా అనిపించింది. ఆ ఏడాది శుభ్రమైన ఆసుపత్రుల పోటీకి మా ఆసుపత్రి పేరు కూడా పంపించారు. తనిఖీకి బృందం వస్తుందని చెప్పారు.

అందరిలోకీ హెడ్ నర్సు మేడం ఒక్కరే తోటవైపు వెళ్లలేదు. ఒకరోజు రిజిస్టర్ మీద సంతకం పెడుతూ తల ఎత్తకుండా అడిగారు. "ఎర్ర సంచిలకు పోయింది మళ్ల బయటికెందుకొస్తున్నది పిల్లా?"

"వాడుకుందామని మేడం."

"ఇంట్ల పొదుపు వేరు, దవఖాన్ల పొదుపు వేరు. సీసాను కత్తిరించి ఎయ్యమన్నది ఎందుకు? ఎవలు మళ్ల ముట్టొద్దని."

"సార్ గుడ సరేనన్నరు మేడం."

"సార్ సంచిల చెయ్యి పెడతడా?"

అంతే అన్నారు. మేడంకు సార్ అంటే పడదని వార్డులో అందరూ అనేవాళ్లు. నేనూ అలాగే సరిపెట్టుకున్నాను. ఆ రోజు డైరీలో ఇలా ఉంది: 'మేడం చెప్పింది సరైనదే అనిపిస్తోంది. తోట కూడా సరైనదే అనిపిస్తోంది. రెంటిలో ఏదో ఒకటి తప్పయి ఉండాలి కదా.'

ఇక్కడ పని గురించి ఒక్క సంగతి చెప్పాలి. సీసాలోకి గాలి ఆడక సెలైన్ దిగడం ఆగిపోయినప్పుడు సీసా పైభాగంలో ఒక సూది గుచ్చి వదిలేస్తాం. నేనూ వదిలేదాన్ని, అందరూ వదిలేవాళ్లు. సెలైన్ అయిపోయాక ఆ సూది పీకి తెల్ల డబ్బాలో వేసి, తర్వాతే సీసా ఎర్ర సంచిలో వెయ్యాలి. పేషెంట్లు ఎక్కువున్న రోజు ఎవరూ పీకరు. సూదితో సహా సీసా సంచిలో పడుతుంది. సంచి మూతి కట్టి పంపేస్తాం. అందులో ఎవరూ చెయ్యి పెట్టరు కాబట్టి ఎవరికీ ఏమీ కాదు. సంచిలో చెయ్యి పెట్టే పనిని మా ఆసుపత్రిలో పుట్టించింది నేను.

ఎండకు సీసాలు పెళుసెక్కి పగులుతుంటే ఎప్పటికప్పుడు కొత్తవి కావాల్సి వచ్చేది. మా వార్డువే కాకుండా ఆయమ్మ ప్రసూతి వార్డు సంచుల్లోంచి కూడా ఏరేది. ఏప్రిల్లో ఒకరోజు, పదకొండు దాటి ఉంటుంది, ఆమె మా గదిలోకి వచ్చి తలుపు దగ్గరకు వేసింది. బొటనవేలికి కొంగు చుట్టుకుని ఉంది. ఆమె తలుపు వేయడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏం లేదు సిస్టరమ్మా. జర చురుక్కుమన్నది."

కొంగు విప్పి చూశాను. చిన్న చుక్క. వేలు సబ్బుతో నీళ్ల కింద పెట్టి కడిగాను. తర్వాత ఆమె తెచ్చిన బకెట్ చూశాను. ఆరు సీసాలు. ఆరింటికీ సూదులున్నాయి. గుచ్చుకున్నది ఏదో ఆమెకు తెలియదు. "గాభరైంది. అన్ని బకిట్లనే ఇడిసిన," అంది. ఒక సూది మొదట్లో మాత్రం ఎర్రగా, తుప్పు రంగులో ఏదో అంటి ఉంది. గర్భిణులకు రక్తం తక్కువైతే సెలైన్లో కలిపి ఎక్కించే ఐరన్ మందు కూడా సరిగ్గా అదే రంగు. అది మందో రక్తమో నాకు తెలియలేదు. ఆ సూదే గుచ్చుకుందో లేదో కూడా తెలియలేదు. సీసా ఏ మనిషికి ఎక్కించిందో అంతకన్నా తెలియదు. నా చదువు మొత్తం ఆ సూది ముందు పనికిరాకుండా పోయింది.

ఏం చెయ్యాలో మాత్రం తెలుసు. రిజిస్టరులో రాయాలి. మూడు రోజులు దాటకముందే కరీంనగర్ పెద్దాసుపత్రికి పంపి హెచ్ఐవీ రాకుండా ఇచ్చే గోళీలు మొదలుపెట్టించాలి. ఇరవై ఎనిమిది రోజులు వాడాలి. మూడు నెలలకు మళ్లీ రక్త పరీక్ష. నేను రిజిస్టర్ తీశాను. ఆమె చెయ్యి దాని మీద పడింది.

"రాయకు బిడ్డా."

అప్పటిదాకా నన్ను సిస్టరమ్మా అనేది. బిడ్డా అనడం అదే మొదలు.

"రాస్తె నన్నుంచరు. పోయినేడు గా ఊడ్చెటాయనకు గుచ్చుకుంటె ఏమాయె? కంట్రాక్టరు మనిషొచ్చిండు, నువ్వు సోయి లేకుంట పనిచేస్తున్నవు అన్నడు, తెల్లారి ఇంకోన్ని తెచ్చిండు. నీ బుక్కుల ఉన్నదా గది?"

లేదు. ఖాళీ పేజీ ఎందుకు ఖాళీగా ఉందో నాకప్పుడు అర్థమైంది.

"గోళీలు గుడ వద్దు. అవి ఏ రోగానికిస్తరో మా వాడంత ఎర్కనే. ముసలాయనకు తెలిస్తె ఫికర్ల పడి సస్తడు."

చివరికి ఒప్పందం కుదిరింది. నేను రాయను. ఆమె గోళీలు మింగుతుంది. గోళీల డబ్బా ఆమె ఇంట్లో కాకుండా నా అలమరాలో ఉంటుంది. "రాయవు గదా?" అని తలుపు తీసే ముందు మళ్లీ అడిగింది. "రాయ," అన్నాను.

మర్నాడు సెలవు పెట్టి కరీంనగర్ తీసుకెళ్లాను. అక్కడ కౌన్సెలింగ్ చేసే ఆవిడ ఓపిగ్గా అన్నీ అడిగింది. రక్తం తీయించింది. గోళీల డబ్బా ఇస్తూ నా వైపు తిరిగింది. "మీ దవఖాన్ల రిజిస్టరుల రాసిన్రు గదా సిస్టర్?" నేను తల ఊపాను. నా జీవితంలో ఆడిన పెద్ద అబద్ధానికి ఒక్క మాట కూడా అవసరం పడలేదు.

రోజూ పది గంటల చాయ్ వేళకు ఆయమ్మ మా గదికి వచ్చేది. నేను గోళీ చేతిలో పెట్టేదాన్ని. మింగి, కాసేపు గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేది. కొన్ని రోజులు వాంతి వచ్చినట్టయి చాయ్ తాగలేకపోయేది. మొదటి రోజే అంది, "ఇరవై రెండు చెట్లు. నన్ను ఇరవై మూడో నెంబరు రాస్కో." నవ్వాలో వద్దో తెలియక నేను గోళీల డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నాను.

సీసాలు ఏరడం ఆపించాను. సార్‌కు కారణం చెప్పలేదు. ఉన్న సీసాలు మాత్రం అలాగే ఉంచాను. తనిఖీ దగ్గర పడుతోంది మరి.

గుచ్చుకున్నాక పదహారో రోజు తనిఖీ బృందం వచ్చింది. ముగ్గురు. వారిలో పెద్దావిడ ఒక డాక్టర్, కళ్లద్దాలు మెడలో వేలాడేసుకుని అన్నీ నెమ్మదిగా చూస్తోంది. సార్ తోట చూపించారు. "ఇది నా చిన్న ప్రయోగం మేడం," అన్నారు. మిగతా ఇద్దరూ ఫొటోలు తీసుకున్నారు. పెద్ద డాక్టరమ్మ పదకొండో నంబరు దగ్గర ఆగింది. సీసాను అటూ ఇటూ తిప్పింది. సూది గుచ్చి తీసిన చోట చిన్న చిల్లు మాత్రం ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని ఆ చిల్లు చూసి లోపలికి నడిచింది.

మా గదిలో కూర్చుని, "సూది గుచ్చుకున్న వాళ్ల రిజిస్టర్," అని చెయ్యి చాపింది. ఇచ్చాను. పేజీలు తిప్పింది.

"ఇన్నేండ్ల సంది ఒక్కరికి గుడ గుచ్చుకోలేదా?"

సార్ అన్నారు, "మా స్టాఫ్ చాలా కేర్‌ఫుల్ మేడం."

"సార్‌ను అడుగతలే. రిజిస్టర్ ఎవరి దగ్గరుంటదో వాళ్లను అడుగుతున్న." ఆమె నన్నే చూస్తోంది. "ఆ సీసాలు సంచిలకెంచి ఎవరు తీసిన్రమ్మా? ఎట్ల తీసిన్రు?"

గదిలో హెడ్ నర్సు మేడం ఉన్నారు. గుమ్మం దగ్గర ఆయమ్మ తుడుపుకర్ర పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. చాలా కొద్దిగా, ఇంకెవరికీ తెలియనంత కొద్దిగా.

ఎవరికీ గుచ్చుకోలేదన్నట్టు తల ఊపితే సరిపోయేది, కరీంనగర్లో ఊపినట్టే. ఊపబోయాను కూడా. ఎందుకో ఊపలేదు. ఎందుకో తెలుసుకుందామని ఆ రోజు డైరీలో నాలుగు పేజీలు రాశాను. ఇప్పుడు చదివితే నాలుగు పేజీల్లో నాలుగు కారణాలున్నాయి. నిజం చెప్పాలనిపించిందని ఒకటి. ఆయమ్మ కోసమని ఒకటి. సార్ 'నా చిన్న ప్రయోగం' అన్నప్పుడు ఒళ్లు మండిందని ఒకటి. పదహారు రోజులుగా మోస్తున్నది ఎక్కడైనా దింపుకోవాలని ఒకటి. వీటిలో ఏది నిజమో రాసిన నాకే తెలియదు.

రిజిస్టర్ నా వైపు తిప్పుకున్నాను. పెన్ను తీసి మొదటి పేజీలో, మొదటి గడిలో, గుచ్చుకున్న తేదీ వేసి రాశాను. పేరు, పని, ఏ వేలు, ఏ వార్డు సంచి. రాసిన రోజు అని పక్కన ఆ రోజు తేదీ వేశాను. సంతకం పెట్టాను. ముత్యాల్లాంటి అక్షరాలు. తల ఎత్తేసరికి గుమ్మం దగ్గర తుడుపుకర్ర ఒక్కటే గోడకు ఆనించి ఉంది.

పెద్ద డాక్టరమ్మ చదివింది. "గోళీలు?"

"వాడుతోంది మేడం. పదహారో రోజు."

"ఈ సీసాల ఆలోచన ఎవరిది?"

సార్ నా వైపు చూపించారు. "సిస్టర్‌ది."

పేపర్లో రానిది అలా మొదటిసారి అందరి ముందూ వచ్చింది.

ఆ సాయంత్రమే సీసాలన్నీ పీకించారు. కత్తిరించి ఎర్ర సంచుల్లో వేయించారు. ఆ సంచుల సంఖ్య రిజిస్టరులో రాసింది నేనే. మాకు అవార్డు రాలేదు. బృందం రిపోర్టు మాత్రం వచ్చింది. కాంట్రాక్టు పనివాళ్లకు కూడా మందపాటి గ్లవ్స్ ఇవ్వాలని, అందరికీ కామెర్ల టీకా వేయించాలని అందులో ఉంది. నెలలోపు వేయించారు. పదేళ్లుగా వేయనిది. రిపోర్టులో ఆయమ్మ సంగతి ఉంది కాబట్టి కాంట్రాక్టరు ఆమెను తీసెయ్యలేకపోయాడు. వార్డులోంచి తీసి బయట ఆవరణ ఊడ్చే పనిలో వేశాడు.

ఇక్కడిదాకా చదివి నేను మంచిపనే చేశానని మీరనుకోవచ్చు. మా హెడ్ నర్సు మేడం కూడా అలాగే అన్నారు. కానీ ఆ వారంలోనే ఆయమ్మ వాడలో గోళీల సంగతి తెలిసిపోయింది. బయటే కాదు, రోగం ఎలా అంటుతుందో ఎలా అంటదో రోజూ వినే మా ఆసుపత్రిలోనే, చాయ్ దగ్గర ఆమె గ్లాసును మిగతా ఆయాలు పక్కన పెట్టారు. నేను చూశాను. వాళ్లతో చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకున్నాను. నోటితో చెప్పింది ఒక్కటీ లేదు. నేను చేసిందల్లా ఆ పూట నా చాయ్ ఆమె గ్లాసులో పోయించుకుని తాగడం. ఆయమ్మ దాన్ని చూసి, గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, కడిగి, పక్కనే పెట్టేసింది.

ఆమె నాతో మాట్లాడలేదు. అయినా రోజూ పదింటికి వచ్చేది. చెయ్యి చాపేది. నేను గోళీ పెట్టేదాన్ని. మింగి వెళ్లిపోయేది. ఇలా పన్నెండు రోజులు. ఇరవై ఎనిమిదో గోళీ మింగిన రోజు ఖాళీ డబ్బా బల్లమీద పెట్టి వెళ్లింది. ఆమె మొగుడు ఏమన్నాడని ఇంకో ఆయాను అడిగాను. "ఏమంటడు? గామె గ్లాసులనే చాయ్ తాగిండట. ఇన్నొద్దులు నాకు చెప్పకుంట ఎట్లున్నవే అని ఏడ్చిండట." నేను రిజిస్టరులో రాయకపోతే ఆ ముసలాయనకు అసలు తెలిసేదే కాదు. తెలిస్తే చచ్చిపోతాడని ఆమె భయపడిన మనిషి చాయ్ తాగి ఏడ్చాడు. దీన్ని ఏ వైపు వెయ్యాలో నాకు ఇంకా తెలియలేదు.

ఇంకొకటి కూడా తెలియదు. తోట లేకముందు సూదులు సీసాలతో పాటే వెళ్లేవి. సంచుల్ని ఎక్కడో ఎవరో విప్పుతారు. మేం చూడని ఆ చోట, మాకు పేరు తెలియని ఎవరి వేలికి గుచ్చుకునేవో. ఆయమ్మ వేలికి గుచ్చుకుంది కాబట్టి మాకు తెలిసింది. ఇప్పుడు మా దగ్గర అందరూ సూది పీకే సీసా వేస్తారు. అది తోట వల్ల జరిగిన మంచి అని నేనొకసారి అనుకుని, వెంటనే అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

ఆ తర్వాత నాకు ఆదిలాబాద్ వైపు బదిలీ అయింది. బోథ్ దారిలో ఒక ముసలామె తేనె అమ్ముతుంది. శుభ్రంగా కడిగిన సెలైన్ సీసాల్లో పోసి. మొదటిసారి చూసినప్పుడు అరగంట అక్కడే నిలబడ్డాను. ఆ సీసా ఏ ఆసుపత్రిదో, ఏ సంచిలోంచి ఎలా బయటపడిందో. ఆమెకు వద్దని చెప్పాలా? చెప్తే తేనె దేంట్లో పోసుకుంటుంది? ఒక సీసా కొనుక్కుని వచ్చాను. అది ఇప్పటికీ మా ఇంట్లో గూట్లో ఉంది. మా అవ్వ రెండుసార్లు అడిగింది, "ఎందుకు తింటలేవే?" అని. తినలేను. పారెయ్యలేను.

చివరిది చెప్పి ముగిస్తాను. బదిలీకి ముందు, మూడు నెలల పరీక్ష రోజున, కరీంనగర్ రమ్మని నేను ఆయమ్మకు చెప్పలేకపోయాను. పొద్దున బస్టాండుకు వెళ్లేసరికి ఆమే వచ్చి నిలబడి ఉంది. బస్సులో నా ముందు సీట్లో కూర్చుంది. దారి పొడుగునా నాకు ఆమె జడ, జడలో తెల్ల వెంట్రుకలు కనిపిస్తూనే ఉన్నాయి. పరీక్ష కాగితం చూసి కౌన్సెలింగ్ ఆవిడ నవ్వింది. "ఏం లేదమ్మా. మంచిగున్నవు." ఆయమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో పెట్టుకుంది. ఏడవలేదు. నా వైపు చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో నీళ్ల సీసా కొన్నది. సగం తాగి నాకిచ్చింది. నేను తాగాను, మూతి ఆనించి. ఖాళీ సీసా తిరిగి తీసుకుని చాలాసేపు చేతిలో తిప్పింది. తర్వాత, రెండు నెలలు దాటాక మొదటిసారి, నాతో మాట్లాడింది.

"గిది ఏ సంచిల ఎయ్యాలె సిస్టరమ్మా?"

వెక్కిరిస్తోందో, నిజంగానే అడుగుతోందో ఆ ముఖంలో కనిపించలేదు.

"తెల్వదు ఆయమ్మా," అన్నాను.

"తెల్వనప్పుడు అడగాలె. నన్నడిగినవా?"

ఆమె ఏ రోజు గురించి అడుగుతోందో నేను అడగలేదు. అలాంటి రోజులు రెండున్నాయి. మొదటి సీసా కట్టిన రోజు ఒకటి, రిజిస్టర్ నా వైపు తిప్పుకున్న రోజు ఒకటి. రెంటికీ జవాబు ఒకటే.

"లేదు," అన్నాను.

ఆమె తల ఊపింది. లేచి బస్టాండు కుళాయి దగ్గరికి వెళ్లి సీసా నిండా నీళ్లు పట్టుకొచ్చింది. బస్సు రాగానే ఎక్కి, ఈసారి నా పక్కన కూర్చుని సీసా ఒళ్లో పెట్టుకుంది. ఊరు వచ్చేదాకా ఒక్క చుక్క తాగలేదు. ఆసుపత్రి గేటు దగ్గర దిగాక, ప్రహరీ పక్కన వరుసగా లెక్కపెట్టుకుంటూ నడిచి, పదకొండో మొక్క దగ్గర వంగింది.